గోడ దాటిన ఎలక్ట్రాన్

1957. టోక్యోలో ట్రాన్సిస్టర్ రేడియోలు తయారుచేసే ఒక కంపెనీ. దాని పేరు ఇంకా సోనీగా మారలేదు. ఫాస్ఫరస్ మోతాదు పెంచితే ట్రాన్సిస్టర్లు ఎందుకు పాడవుతున్నాయో తేల్చే పని లియో ఎసాకి అనే యువ భౌతిక శాస్త్రవేత్త మీద పడింది. ఆయన ఒక జెర్మేనియం డయోడ్‌లో మలినాలు బాగా దట్టించి కరెంటు కొలిచారు. వోల్టేజి పెంచుతుంటే కరెంటు కొంతమేర పెరిగింది. ఆ తర్వాత, ఇంకా పెరగాల్సింది పోయి తగ్గింది! ఏదో పాడైన ముక్క అని ఇంకొకరైతే పారేసేవారేమో. ఎసాకి దాని వెంటపడ్డారు. 1973లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ అందుకున్నారు.

జరిగింది ఇదీ. మలినాలు పెరిగేసరికి ఎలక్ట్రాన్లకు అడ్డుండే పొర సుమారు 10 నానోమీటర్లకు సన్నబడింది. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. బంతిని గోడకేసి కొడితే వెనక్కి రావాల్సిందే. ఎలక్ట్రాన్‌కు తరంగ స్వభావం కూడా ఉంది కాబట్టి, గోడ అంత పలచనైతే ఎక్కకుండానే, చిల్లు పెట్టకుండానే అవతల తేలుతుంది. దీన్నే టన్నెలింగ్ అంటారు. పొర మందం రవ్వంత తగ్గినా చాలు, దాటేవాటి సంఖ్య ఎన్నో రెట్లవుతుంది. నానో ఎలక్ట్రానిక్స్ కథలో సగం ఈ ఒక్క గుణంతో పడ్డ తగవే అనిపిస్తుంది నాకు.

చిప్‌ల వాళ్లకు ఇది శాపమైంది. 1959లో బెల్ ల్యాబ్స్‌లో మహమ్మద్ అటల్లా, దావోన్ కాంగ్ రూపొందించిన ట్రాన్సిస్టర్‌లో గేటుకూ సిలికాన్‌కూ మధ్య ఆక్సైడ్ పొర ఉంటుంది. కింద పారే కరెంటును గేటు అదుపు చేయాలి, తను మాత్రం ఒక్క చుక్క తాగకూడదు. మొదట్లో 100 నానోమీటర్లున్న ఆ పొర, ట్రాన్సిస్టర్లు చిన్నవవుతున్నకొద్దీ పలచబడుతూ 2000 దశకంలో 1.2 నానోమీటర్లకు దిగింది. ఇక ఎలక్ట్రాన్లను ఆపేదెవరు? చిప్ ఊరికే కూర్చున్నా కరెంటు తినడం మొదలైంది. చివరికి 2007లో ఇంటెల్, దశాబ్దాలుగా నమ్ముకున్న సిలికాన్ డయాక్సైడ్‌ను వదిలి హాఫ్నియం పదార్థానికి మారింది. పొర మందంగా వేసినా గేటు పట్టు సడలలేదు. లీకేజీ బాగా పడిపోయింది.

తమాషా ఏమిటంటే, ఈ శాపాన్ని వరంగా వాడుకునే దారి చూపినవాళ్లలోనూ ఆ కాంగ్ ఉన్నారు. 1967లో సైమన్ జీతో కలిసి, ఏ తీగా తగలకుండా చుట్టూ ఆక్సైడ్ కప్పిన ఒక గేటును ప్రతిపాదించారు. టన్నెలింగ్‌తో అందులోకి ఎక్కిన ఎలక్ట్రాన్లు కరెంటు తీసేసినా కదలవు. ఆ ఆలోచన మీదే తోషిబాలో ఫుజియో మసుఒకా ఫ్లాష్ మెమరీ నిర్మించారు. 1984లో బయటపెట్టారు. మన పెన్‌డ్రైవ్‌లు, మెమరీ కార్డులు, ఫోన్లలోని స్టోరేజీ అన్నీ దాని సంతానమే.

అయితే రాసి చెరిపిన ప్రతిసారీ ఎలక్ట్రాన్లు ఆ పొరను కాస్త గాయపరుస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ లోపలున్నవీ మెల్లగా జారిపోతాయి. కాబట్టి పెళ్లి ఫోటోలన్నీ ఒకే పెన్‌డ్రైవ్‌లో పెట్టి బీరువాలో దాచినవాళ్లు, ఈ ఆదివారమే దాన్ని తీసి మరోచోట కూడా కాపీ చేసుకోండి.