పశ్చిమ అమెరికా జీనుల నగిషీ పని

పశ్చిమ అమెరికాలో కౌబాయ్‌లు వాడిన జీనుకు పుట్టినిల్లు స్పెయిన్. అరబ్బుల పాలన కాలం నుంచే అక్కడి కోర్డోబా నగరం రంగు తోలుకూ నగిషీ తోలుకూ ప్రసిద్ధి. 1519లో హెర్నాన్ కోర్టెస్ 16 గుర్రాలతో మెక్సికో తీరంలో దిగాడు. గుర్రాలతో పాటు, ముందూ వెనుకా ఎత్తైన అంచులున్న యుద్ధపు జీను కూడా ఆ నేల మీదికి చేరింది. మెక్సికో పచ్చిక మైదానాల్లో మందలు పెరిగాక యుద్ధపు జీను పశువుల కాపరి పనిముట్టుగా మారింది. ఉచ్చుతాడుతో పట్టిన ఎద్దును నిలువరించాలంటే తాడు రెండో కొసను దేనికైనా చుట్టాలి. అందుకోసమే జీను ముందు భాగంలో కొమ్ము మొలిచింది. అక్కడి కాపరులను వాకెరోలు అంటారు. పూల చెక్కడం, వెండి బిళ్లలు, నారదారపు కుట్టు వాళ్ల జీనుల మీద ఆనాడే స్థిరపడ్డాయి.

1769లో శాన్ డియేగోలో తొలి క్రైస్తవ మిషన్ వెలసిన తర్వాత ఈ విద్య కాలిఫోర్నియాకు చేరింది. మిషన్ల చుట్టూ మందలు పెరిగాయి. తోళ్లు, కొవ్వు కొనేందుకు బోస్టన్ నుంచి ఓడలు వచ్చేవి. 1849లో బంగారం కోసం జనం వెల్లువెత్తినప్పుడు శాన్ ఫ్రాన్సిస్కోలో మెయిన్ అండ్ వించెస్టర్ సంస్థ జీనుల వ్యాపారం మొదలుపెట్టింది. 1870 ప్రాంతంలో వైసేలియా అనే ఊళ్లో మెక్సికన్ పనివాళ్ల చేతుల మీదుగా రూపుదిద్దుకున్న జీను ఆ ఊరి పేరుతోనే పడమటి రాష్ట్రాలన్నిటా పేరు తెచ్చుకుంది. టెక్సాస్ నుంచి మందలు ఉత్తరానికి నడిచిన కొద్దీ, రైలు మార్గాలు పడిన కొద్దీ షయాన్, ప్యూబ్లో, మైల్స్ సిటీ వంటి ఊళ్లలో జీనుల దుకాణాలు లేచాయి.

ఆ రోజుల్లో నెలకు 30, 40 డాలర్ల జీతగాడైన కాపరి చెక్కడపు జీను కొనడానికి బలమైన కారణం ఉంది. ఎక్కే గుర్రం సాధారణంగా యజమానిది, జీను మాత్రం కాపరి సొంతం. దాని ఖరీదు నెల జీతానికి తక్కువ ఉండేది కాదు. ఒక మంద దగ్గర పని ముగిసి మరో చోటికి వెళ్లినా వెంట వచ్చే ఆస్తి అదే. కాపరి పరువు దాని మీదే కనిపించేది. పైగా నున్నటి తోలు మీద ప్రతి గీతా బయటపడుతుంది. చెక్కిన తోలు మీద రాపిడి అంతగా తెలియదు.

జీనుకు ఆధారం చెక్క చట్రం. దాని మీద తడిపిన పచ్చి చర్మాన్ని లాగి కుడతారు. ఆరేకొద్దీ అది బిగుసుకుని, ఎద్దు గుంజినా విరగని బలాన్ని చట్రానికి ఇస్తుంది. ఆ పైన కూర్చునే చోటు, కాళ్ల పక్కన వేలాడే రెక్కలు, రికాబులు అన్నీ మందపాటి ఆవుతోలుతో అమరుస్తారు. తలపట్టీ, రొమ్ముపట్టీ, పగ్గాలకు కూడా అదే నగిషీ వేస్తే జత కుదురుతుంది.

నగిషీ నిలవాలంటే చెట్టుబెరడుతో పదును చేసిన తోలే కావాలి. తెలుగు నేలలో తంగేడు చెక్క చేసే పనిని అక్కడ ఓక్ జాతి చెట్ల బెరడు చేసింది. అలా తయారైన తోలు నీటిని పీల్చుకుని మెత్తబడుతుంది, నొక్కిన ముద్రను ఆరిన తర్వాత కూడా వదలదు. క్రోమియం లవణాలతో పదును చేసిన తోలు మెత్తగా సాగుతుంది కానీ ముద్రను నిలుపుకోదు.

పనివాడు తోలును తడిపి, పైపైన ఆరి అసలు రంగు తిరిగి వచ్చేదాకా ఆగుతాడు. వేళ్ల మధ్య తిరిగే చిన్న కత్తితో పూల తీగల అంచులు గీస్తాడు. కోత మరీ లోతైతే తోలు బలం పోతుంది. తర్వాత ఉక్కు ముద్రలను గీత పక్కన ఆనించి సుత్తితో కొడతాడు. ఒక ముద్ర అంచును అణచి పువ్వును పైకి తేలుస్తుంది, మరొకటి రేకుకు వంపు తెస్తుంది, ఇంకొకటి ఆకుకు ఈనెలు దిద్దుతుంది. పూల మధ్య ఖాళీని సన్నటి ముద్రలతో అణచివేశాక, చివరగా కత్తి కొసతో రేకుల మీద సన్నని గీతలు లాగుతాడు. ఈ ఆఖరి గీతలను సరిదిద్దే వీలు ఉండదు. పనివాడి చేతివాటం వీటిలోనే తెలిసిపోతుంది.

అమ్మకానికి ముఖ్య సాధనం బొమ్మల కేటలాగు. దూరపు పశుక్షేత్రంలో ఉన్న కాపరి అందులో చట్రం, కొమ్ము, నగిషీ ఎంచుకుని ఉత్తరం రాస్తే, జీను రైల్లో వచ్చేది. తయారీదారు ప్రతి జీను మీదా తన ముద్ర వేసేవాడు. ఆ ముద్రే హామీ. 1905లో ఆరెగన్‌లోని పెండిల్టన్‌కు చేరిన హామ్లీ సంస్థకు, 1910లో అక్కడ మొదలైన రోడియో అనే కౌబాయ్ పోటీలు పెద్ద బలమయ్యాయి. పోటీల్లో గెలిచినవారికి చెక్కడపు జీనును బహుమతిగా ఇచ్చే ఆచారం కూడా ఈ పనికి గిరాకీ నిలిపింది.

మోటారు బండ్లు వచ్చాక గుర్రంతో పని తగ్గింది. యంత్రపు అచ్చుతో పూలు ఒత్తిన చవక జీనులు బజారుకెక్కాయి. చాలా దుకాణాలు మూతపడ్డాయి. ఒకప్పుడు పనిముట్టుకు తోడుగా వచ్చిన అలంకారమే ఇప్పుడు వృత్తిని బతికించింది. స్వీడన్‌లో పుట్టిన ఎడ్వర్డ్ బోలిన్ (1895–1980) హాలీవుడ్‌లో దుకాణం పెట్టి, టామ్ మిక్స్ వంటి సినీ తారలకూ ఊరేగింపు గుర్రాలకూ వెండి తాపడం చేసిన జీనులు తయారు చేశాడు. వ్యోమింగ్‌లోని షెరిడన్‌లో డాన్ కింగ్ (1923–2007) చిన్న చిన్న అడవి గులాబీలను వలయాలుగా పెనవేసే శైలిని తీర్చిదిద్దాడు. అది షెరిడన్ శైలిగా లోకమంతా వ్యాపించింది. 1991లో ఆయనకు జాతీయ వారసత్వ పురస్కారం దక్కింది. అప్పటిదాకా గురువు దగ్గర కూర్చుని మాత్రమే నేర్చుకోగలిగిన విద్యను అల్ స్టోల్‌మన్ (1919–1998) బొమ్మలతో కూడిన పుస్తకాల ద్వారా సామాన్యులకు అందించాడు.

1998లో ఏర్పడిన ట్రెడిషనల్ కౌబాయ్ ఆర్ట్స్ అసోసియేషన్ జీనులు, వెండి పని, కళ్లెం-మడమముల్లుల తయారీ, పచ్చి చర్మపు అల్లిక అనే నాలుగు విద్యలను కాపాడుతోంది. ఓక్లహోమా సిటీ మ్యూజియంలో ప్రదర్శన, అమ్మకం నిర్వహిస్తూ కొత్తవారికి శిక్షణకు తోడ్పడుతోంది. మేలైన జీను నేటికీ ముందుగా ఆర్డర్ ఇస్తేనే దొరుకుతుంది. గుర్రం వీపు ఆకారం, ఎక్కేవారి కొలత, చేసే పని తెలుసుకున్నాకే పనివాడు చట్రం ఎంచుకుంటాడు. చెక్కడం ఎంత గొప్పదైనా, గుర్రం వీపును ఒరిపించే జీనును ఈ వృత్తి మంచి జీనుగా ఒప్పుకోదు.