నవజాత శిశువుల మెదడు నుండి సూదితో కణజాల సేకరణ

శవచ్ఛేదనమునకు బంధుజనులు సమ్మతింపకపోవుటయే, దేహమును కోయక సూదితో కణజాలము తీసి మరణకారణము వెదకు ఈ పద్ధతికి మూలమనుట అత్యుక్తి కాదు. 1930 ప్రాంతమున బ్రెజిల్ దేశమున పీతజ్వర మరణములను గుర్తించుటకు కాలేయపరీక్ష నమ్మదగిన సాధనమై యుండినను, దేహమును కోయనిచ్చుటకు ఇంటివారు ఒప్పుకొననందున, రాక్‌ఫెలర్ ఫౌండేషన్ పక్షమున పనిచేయుచుండిన రికర్డ్ అనునతడు విసెరోటోమ్ అను పరికరమును కల్పించెను. చిన్న గాటు గుండ కాలేయపు ముక్కను మాత్రము వెలికి తీయుట దాని పని. 1955 నాటికి సూదితోనే శవపరీక్ష జరుపు ప్రయత్నము వైద్యపత్రికల కెక్కినది.

శిశువుల విషయమున చరిత్ర మరియొక త్రోవ పట్టినది. బ్రిటనులో బ్రిస్టల్, లివర్‌పూల్ ఆసుపత్రులు మృతశిశువుల అవయవములను తల్లిదండ్రులకు తెలుపకయే దాచిన సంగతి 1999 మొదలుకొని బయల్పడగా, జనాగ్రహమునకు ఫలముగా 2004లో మానవ కణజాల చట్టము వచ్చినది. దేహమును కోయని పరీక్షను వెదకు త్రోవలో, 400 మంది గర్భస్థ పిండముల, శిశువుల, బాలుర దేహములను ఎం.ఆర్.ఐ. ప్రధానముగా కోతలేక పరీక్షించిన పరిశోధకులు, ఫలితములు సంపూర్ణ శవపరీక్షతో 89 శాతము సరిపోయినవని 2013లో లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. అట్టి యంత్రములు అందని దేశములకు సూదియే శరణ్యము. బార్సిలోనా పరిశోధకులు మొజాంబిక్ రాజధాని మపూటోలో 18 మృతజాతులను (చనిపోయి పుట్టిన బిడ్డలను), పుట్టి మరణించిన 41 నవజాతులను ముందు సూదితోను, వెంటనే సంపూర్ణ ఛేదనముతోను పరీక్షించి 2017లో పోల్చి చూపిరి. 2015లో గేట్స్ ఫౌండేషన్ ధనసహాయముతో శిశుమరణ కారణములను శోధించుటకు వెలసిన చాంప్స్ సంస్థ ఆఫ్రికాలోను బంగ్లాదేశ్‌లోను ఈ విధానమునే వ్యాపింపజేసినది. మన దేశమున దావణగెరెలోను, పాకిస్తానమున కరాచీలోను మృతజాతులపై, నెలలు నిండక పుట్టి మరణించిన శిశువులపై ఇట్టి పరిశోధన జరిగినది.

మెదడును చేరుట తక్కిన అవయవములవలె సులభము కాదు. తల వెనుక మెడ మొదట సూది గ్రుచ్చి ముందుగా మెదడు నీటిని తీసి, పిదప ఆ మార్గముననో, ముక్కుపుటము పైనున్న పలుచని జల్లెడ ఎముకను ఛేదించియో కణజాలమును గ్రహింతురు. మాడు పూడని శిశువునకు అచ్చటి నుండియు సూదిని దింపవచ్చును. ముఖమున గాయపు గురుతు కనబడదు, కనుక బిడ్డను తల్లి చేతికి మరల నిచ్చుటకు సంకోచింపనక్కరలేదు. ఐతే నవజాతుని మెదడులో నీరే అధికభాగమగుటచే అది పెరుగుముక్కవలె చెదరును. సూదికి చిక్కినది చిన్నపోగు మాత్రమే యగుటచే మెదడు లోపలి గదులైన జఠరికల దాపున జరిగిన రక్తస్రావము తప్పిపోవచ్చును. ప్రాణవాయులోపముచే పుట్టిన కొలది గంటలకే మరణించిన బిడ్డ నాడీకణములందు మార్పు కనబడుటకు కాలమే చాలదు. మెదడుపొరల వాపును పట్టుటయందు మాత్రము మెదడు నీటిపై జరుపు పి.సి.ఆర్. అను జన్యుపరీక్షయు, సూక్ష్మజీవుల పెంపకమును అక్కరకు వచ్చును; అందును, మరణానంతరము చేరిన క్రిములేవో, చంపినవేవో వేరుచేయుట కష్టమే. కావున సూది తెచ్చిన పోగు నొక్కదానిని నమ్మక, తల్లి గర్భకాలపు చీటీలను, కాన్పు వృత్తాంతమును, మావి పరీక్షను దగ్గరనుంచుకొని వైద్యబృందము మరణకారణమును నిర్ణయించును.