చిన్నారుల చదువులో ఇంటరాక్టివ్ వెబ్‌సైట్లు: ఢిల్లీ అనుభవం చెబుతున్నదేమిటి?

న్యూఢిల్లీ: జాతీయ రాజధాని ప్రాంతంలో వాయు కాలుష్యం తీవ్రమైనప్పుడు మొదట ప్రభావం పడేది చిన్న పిల్లల తరగతులపైనే. 2024 నవంబరులో ఢిల్లీలో తొలుత ఐదో తరగతి వరకు పాఠాలను ఆన్‌లైన్‌కు మార్చారు. కొద్ది రోజులకే పై తరగతులూ అదే బాట పట్టాయి. చాలామంది విద్యార్థులకు ఆన్‌లైన్ తరగతులకు హాజరయ్యే సదుపాయం లేదని, బడి మూతతో మధ్యాహ్న భోజనమూ అందడం లేదని అదే నెల 25న సుప్రీంకోర్టు గుర్తుచేసింది. అనంతరం హైబ్రిడ్ బోధనకు అనుమతి లభించింది.

ఇటువంటి రోజుల్లో అనేక ఇళ్లలో ఇంటరాక్టివ్ విద్యా వెబ్‌సైట్లే ఉపాధ్యాయుని స్థానాన్ని ఆక్రమిస్తున్నాయి. పిల్లవాడు బొమ్మను తాకినా, అక్షరాన్ని జరిపినా, జవాబు ఎంచుకున్నా వెంటనే స్పందించడం వీటి ప్రత్యేకత. అయితే ఆ స్పందన వల్ల నేర్పు కలుగుతోందా, కేవలం కాలక్షేపమే జరుగుతోందా అన్నది అసలు ప్రశ్న.

గోడలో కంప్యూటర్

ఈ ప్రశ్నకు ఢిల్లీలో పాతికేళ్ల చరిత్ర ఉంది. 1999 జనవరి 26న కాల్కాజీలోని ఎన్‌ఐఐటీ కార్యాలయ ప్రహరీ గోడలో సుగతా మిత్ర ఒక కంప్యూటర్‌ను అమర్చారు. పక్కనున్న మురికివాడ పిల్లలు ఎవరూ నేర్పకుండానే దానిని వాడటం మొదలుపెట్టారు. ‘హోల్ ఇన్ ది వాల్’గా ప్రపంచ ప్రసిద్ధి పొందిన ఈ ప్రయోగం, పెద్దల సాయం లేకున్నా పిల్లలు సాంకేతికతను అందిపుచ్చుకోగలరని చూపింది.

మరో కోణమూ వెలుగులోకి వచ్చింది. ఢిల్లీ ప్రభుత్వ సహకారంతో నెలకొల్పిన ఇటువంటి కేంద్రాన్ని పరిశీలించిన అమెరికా పరిశోధకుడు మార్క్ వార్షావర్, పిల్లలు ఎక్కువ సమయం బొమ్మలు గీయడంలోనూ ఆటల్లోనూ గడుపుతున్నారని, హిందీలో పాఠ్య సామగ్రి లేదని రాశారు. పరికరాన్ని వాడటం నేర్చుకోవడమూ, పాఠం నేర్చుకోవడమూ ఒకటి కావని ఈ రెండు పరిశీలనలు కలిపి చెబుతున్నాయి.

స్థాయికి తగిన పాఠం

ఢిల్లీలోనే ‘మైండ్‌స్పార్క్’ కేంద్రాలపై కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గానిమియన్ జరిపిన అధ్యయనం 2019లో ‘అమెరికన్ ఎకనామిక్ రివ్యూ’లో వెలువడింది. బడి వేళల తర్వాత నడిచే ఆ కేంద్రాల్లో పిల్లలు 45 నిమిషాలు కంప్యూటర్‌పై, మరో 45 నిమిషాలు బోధకుల వద్ద చిన్న బృందాల్లో చదివారు. సుమారు నాలుగున్నర నెలల్లో గణితంలోనూ హిందీలోనూ వారు గణనీయంగా మెరుగుపడ్డారు. ప్రతి విద్యార్థి వాస్తవ స్థాయిని గుర్తించి, అక్కడి నుంచే అభ్యాసాలు ఇవ్వడం ఆ సాఫ్ట్‌వేర్ ప్రధాన లక్షణం.

అధ్యయనంలో పాల్గొన్నవారు ప్రధానంగా మాధ్యమిక తరగతుల పిల్లలు. ఆరో తరగతికి చేరేసరికే వారు గణితంలో సగటున రెండున్నర తరగతులు వెనుకబడి ఉన్నారు. అంటే ఆ అంతరం ప్రాథమిక దశలోనే ఏర్పడిందన్నమాట. మూడో తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డకూ చదవడం, రాయడం, ప్రాథమిక లెక్కలు రావాలన్న లక్ష్యంతో కేంద్రం 2021 జులై 5న ‘నిపుణ్ భారత్’ను ప్రారంభించడానికి కారణమూ ఇదే.

మంచి అభ్యాసాన్ని గుర్తించడం ఎలా?

రెండు ఉదాహరణలు చూడవచ్చు. 42లోంచి 17 తీసివేయమంటే చాలామంది చిన్నారులు 35 అంటారు. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసివేయడమే ఈ పొరపాటుకు మూలం. ఎర్ర గుర్తు చూపి తదుపరి ప్రశ్నకు వెళ్లే వెబ్‌సైట్ ఈ పొరపాటును సరిదిద్దలేదు. పది పుల్లల కట్టను విప్పి, విడిపుల్లలతో కలిపి చూపే అభ్యాసం సరిదిద్దగలదు.

తెలుగు చదవడంలోనూ అంతే. పలక బొమ్మ కింద ‘పలక, ఏనుగు, గొడుగు’ అని ఇస్తే మొదటి అక్షరం పోల్చుకున్న బిడ్డ సులువుగా ఊహించి నొక్కేస్తుంది. ‘పలక, పిలక, పలుకు’ అని ఇస్తే గుణింతపు గుర్తులను చదివి తీరాలి. మార్కులు రెండింటికీ ఒకటే. అభ్యాసం మాత్రం ఒకటి కాదు.

అందుబాటులో ఉన్నవి

* దీక్షా: 2017 సెప్టెంబరు 5న నాటి ఉపరాష్ట్రపతి ఎం. వెంకయ్యనాయుడు ప్రారంభించారు. పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్ ద్వారా సంబంధిత పాఠానికి చేరుకోవచ్చు.
* స్టోరీవీవర్: ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించింది. తెలుగుతో సహా పలు భాషల్లో, పఠన స్థాయుల వారీగా కథలను ఉచితంగా అందిస్తోంది. ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్‌లలో పెరుగుతూ బడిలో తెలుగు లేని పిల్లలకు ఇది ప్రత్యేకంగా ఉపయుక్తం.

పెద్దలు గమనించవలసినవి

* సమయం: 2020 జులైలో కేంద్ర విద్యాశాఖ వెలువరించిన ‘ప్రజ్ఞాత’ మార్గదర్శకాల ప్రకారం ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు రోజుకు 30-45 నిమిషాల చొప్పున రెండు ఆన్‌లైన్ తరగతులకు మించరాదు.
* తోడు: పక్కన కూర్చొని ‘ఈ జవాబు ఎందుకు ఎంచుకున్నావు?’ అని అడగాలి. అక్షరాలు రాని తల్లిదండ్రులూ అడగగలిగిన ప్రశ్న ఇది.
* గోప్యత: 18 ఏళ్లలోపు వారి వ్యక్తిగత సమాచారం సేకరించడానికి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం నిర్దేశించింది. పేరు, ఫొటో, బడి వివరాలు అడిగే వెబ్‌సైట్ల విషయంలో జాగ్రత్త అవసరం.
* కొనసాగింపు: తెరపై చేసిన లెక్కను పలకపైనో, చింతగింజలతోనో మళ్లీ చేయించాలి. అక్కడా చేయగలిగితేనే నేర్చుకున్నట్లు.

ఇంట్లో ఒకే ఫోన్ ఉండి, అది పగలంతా సంపాదించే వారి చేతిలో ఉండే కుటుంబాలకు ఉత్తమ వెబ్‌సైట్ కూడా అందనిదే. అటువంటి బిడ్డకు బడిలో ఉపాధ్యాయుని పర్యవేక్షణలో రోజుకు పావుగంట లభించినా అది విలువైనదే. బడి తెరిచి ఉండటమే వారికి ఈ సాధనాలను అందించే ప్రధాన మార్గం.