చూరు నీరు: తెలుగు ఇంట వాననీటి నిల్వ – చారిత్రక పరిశీలన

కీలక పదాలు: చూరు నీరు, తొట్లకొండ, మండువా లోగిలి, టాంకా, ఇంకుడు గుంత, ఫ్లోరోసిస్

తెలుగునాట నీటి చరిత్ర ప్రధానంగా చెరువుల చరిత్రగానే రచింపబడింది. చెరువు తవ్వించడం సప్తసంతానాలలో ఒకటి. అది పుణ్యానికీ కీర్తికీ ఆదాయానికీ ఆధారం కనుక శాసనాలకెక్కింది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు క్రీ.శ. 1369లో వేయించిన పోరుమామిళ్ళ శాసనం చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలనూ ఉండకూడని ఆరు దోషాలనూ వివరిస్తుంది. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ శ్రమ అని లెక్క కూడా చెబుతుంది. ఇంటి చూరు కింద పెట్టిన గంగాళానికి ఇటువంటి శాసనం లేదు. అందువల్ల ఇంటి వాననీటి చరిత్రకు ఆధారాలను స్థలనామాల్లోనూ వైద్య గ్రంథాల్లోనూ ఇళ్ళ కట్టడంలోనూ వెదకవలసి ఉంటుంది.

కప్పుపై పడిన వానకు రెండు దారులున్నాయి. తొట్టిలో నిలిపి వాడుకోవడం ఒకటి, నేలలోకి ఇంకించడం మరొకటి. వాడుకలో ఈ రెండింటినీ ‘వాననీటి సంరక్షణ’ అనే ఒకే మాటతో వ్యవహరిస్తున్నారు. చరిత్రలో ఇవి వేర్వేరు అవసరాల నుంచి పుట్టాయి. ఈ తేడాను విస్మరించడం వల్ల కలిగిన నష్టం మెట్ట ప్రాంతాల్లో స్పష్టంగా కనిపిస్తుంది.

నిల్వకు తెలుగు నేలపై ప్రాచీనమైన సాక్ష్యం విశాఖపట్నం తీరంలోని బౌద్ధారామాలు. తొట్లకొండ, బావికొండ అనే పేర్లు రెండూ నీటికి సంబంధించినవే. కొండ నెత్తిన నదీ లేదు, చెరువూ లేదు. భిక్షువులు బండను తొలిచి తొట్లు చేసి వాననీటిని నిలుపుకున్నారు. ఆరామాలు శిథిలమై, ధర్మం మరుగున పడి, కట్టించినవారి పేర్లు పోయినా, కింది ఊళ్ళవారి నోట ఆ కొండలకు నీటి పేర్లే మిగిలాయి. స్థలనామ పరిశోధకులు ఈ అంశంపై మరింత దృష్టి పెట్టవలసి ఉంది.

కప్పు నీటిని పట్టే పద్ధతికి గ్రంథస్థమైన ఆధారం సుశ్రుత సంహిత సూత్రస్థానంలో లభిస్తుంది. అక్కడ ఆకాశజలాన్ని గాంగం, సాముద్రం అని విభజించారు. వెండి పాత్రలో అన్నపు ముద్దను ఉంచి వానలో పెట్టాలి. ముద్ద రంగు మారకపోతే ఆ నీరు గాంగం, తాగడానికి యోగ్యం. అటువంటి నీటిని ఆశ్వయుజ మాసంలో, పరచిన శుభ్రమైన తెల్లని వస్త్రం నుంచి గాని మేడ కప్పు నుంచి గాని పట్టి, బంగారు, వెండి లేదా మట్టి పాత్రలలో దాచాలన్నది విధి. వానకారు సగం గడిచిన తరువాతి మాసాన్ని ఎంచుకోవడం గమనార్హం. అప్పటికి గాలిలోని ధూళీ కప్పు మీది మకిలీ కడుక్కుపోయి ఉంటాయి. తొలి జల్లును పక్కకు వదిలేయాలనే నేటి నియమంలో ఉన్నది ఈ వివేకమే.

కౌటిల్యుడు వానను వేరే దృష్టితో చూశాడు. కోష్ఠాగారంలో అరత్ని వెడల్పు మూతి గల కుండను వర్షమానంగా ఉంచాలన్నాడు. అశ్మక దేశానికి పదమూడున్నర ద్రోణాల వాన అని లెక్క ఇచ్చాడు. నేటి బోధన్ పరిసరాలను అశ్మకంలో భాగంగా పలువురు చరిత్రకారులు గుర్తించారు కనుక తెలంగాణ వానకు ఇది చాలా పాత కొలత కావచ్చు. అయితే అది పంట కోసం, రాజ్యాదాయం కోసం వేసిన లెక్క. ఇంటి అవసరంతో దానికి సంబంధం లేదు.

ఇంటి విషయానికి వస్తే, కోస్తా జిల్లాల మండువా లోగిలి కట్టడమే ఒక నీటి యంత్రం. నాలుగు వైపుల పెంకుటి కప్పులూ లోపలికి వాలి ఉంటాయి. కురిసిన వానంతా నడిమి మండువాలోకి దిగుతుంది. చూరు కింద గంగాళాలూ కాగులూ పెట్టి ఆ నీటిని పట్టేవారు. ఉప్పు బావులున్న ఊళ్ళలో వాననీటితో కందిపప్పు త్వరగా ఉడుకుతుందన్నది వంటింటి జ్ఞానం. సున్నపు లవణాలున్న కఠిన జలంలో పప్పు మెత్తబడదన్న రసాయన శాస్త్రం దీన్ని సమర్థిస్తుంది. పాత్రలు నిండగా మిగిలిన నీరు తూము గుండా పెరట్లోని అరటికీ కొబ్బరికీ పోయేది. ఈ పని చేసింది ప్రధానంగా స్త్రీలు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వ్యవసాయ పదాలతో మొదలుపెట్టిన మాండలిక వృత్తి పదకోశాలు ఎన్నో వృత్తుల మాటలను భద్రపరిచాయి. నీరు పట్టడం వృత్తి కాదు, ఇంటి పని. దానికి ఒక సంపుటం రాలేదు. ఏ వానను వదలాలో, ఏ పాత్రలో ఎన్నాళ్ళు ఉంచాలో చెప్పే మాటలు ఆ ఇళ్ళతోనే పోతున్నాయి.

అహమ్మదాబాదు పాతనగరపు పోళ్ళలోని ఇళ్ళకు కూడా నడుమ ఇటువంటి చౌకమే ఉంటుంది. అయితే అక్కడ చౌకం కింద నేలలో సున్నంతో గచ్చు చేసిన చీకటి తొట్టి ఉంటుంది. దాన్ని ‘టాంకా’ అంటారు. కప్పును వానకు ముందే కడిగి, తొలి నీటిని వదిలి, తరువాతి నీటిని గొట్టం ద్వారా అందులోకి దింపేవారు. వెలుతురు సోకదు కనుక నాచు పట్టదు. ఆ నీరు ఏడాది పొడవునా తాగడానికి పనికివచ్చేది. పోరుబందరులో గాంధీజీ పుట్టిన ఇంటిలోనూ ఇటువంటి తొట్టి ఉంది.

ఒకే రూపం గల రెండు ఇళ్ళలో ఒకదానికి అడుగున తొట్టి, మరొకదానికి బయటికి పోయే తూము. ఈ తేడాకు కారణం అలసత్వం కాదు, అవసరం. సౌరాష్ట్ర తీరంలో భూగర్భజలం చాలాచోట్ల ఉప్పు. గోదావరి, కృష్ణా డెల్టాలలో నీరు చేతికందే లోతులో ఉంది. ధవళేశ్వరం, బెజవాడ ఆనకట్టలు 1850లలో పూర్తయ్యాక కాలువ నీరు మంచినీళ్ళ చెరువులను నింపింది. చూరు నీరు నాలుగు నెలల సౌకర్యంగానే మిగిలిపోయింది. దాన్ని ఏడాదికి సరిపడా దాచే కట్టడం రూపొందలేదు.

2002 నాటి ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం, అనగా వాల్టా, ఇంటి వాననీటిని తొలిసారి విస్తృతంగా శాసన పరిధిలోకి తెచ్చింది. అయితే అందులో నిర్దేశించిన ప్రయోజనం భూగర్భజలాల పెంపు. బోర్లు ఎండిపోతున్న కాలంలో ఆ దృష్టి సహజమే. ఫలితంగా ‘ఇంకుడు గుంత’ జనవ్యవహారంలోకి వచ్చిన చక్కని తెలుగు మాటగా నిలిచింది, ‘వాననీటి తొట్టి’ ఆ స్థాయికి రాలేదు.

నేల మంచిదైతే ఇంకించడం మేలే. దోషం నేలలోనే ఉన్నచోట సంగతి వేరు. మద్రాసు రాజధానిలో ఫ్లోరోసిస్‌ను వివరించిన తొలి వైద్య పత్రం 1937లో వెలువడింది. అది నాటి నెల్లూరు జిల్లా పల్లెలకు సంబంధించినది. నల్గొండ జిల్లా రోగులపై మరో ముఖ్యమైన అధ్యయనం 1955లో వచ్చింది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తొలగించే పద్ధతికి 1970లలో ‘నల్గొండ టెక్నిక్’ అని పేరు పెట్టారు. ఒక జిల్లా పేరు ప్రపంచమంతటా ఇలా తెలియడం విషాదకరం. విషం కలిసిన నీటిని శుద్ధి చేయడంపై పెట్టిన శ్రద్ధలో కొంతైనా, ఫ్లోరైడు దాదాపు లేని కప్పు నీటిపై పెట్టవలసింది. ఇంకిన వాన భూగర్భంలోని ఫ్లోరైడును కొంత పలుచన చేయగలదన్నది నిజం. కానీ రాతిపొరల్లో నిలిచేకొద్దీ ఆ నీటిలోనూ ఫ్లోరైడు కరుగుతుంది.

లెక్క కష్టమైనది కాదు. చదరపు మీటరు కప్పుపై ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. అనంతపురంలో ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. అయిదోవంతు వృథా పోయినా 25 చదరపు మీటర్ల చిన్న కప్పు 11,000 లీటర్లు ఇస్తుంది. అయిదుగురున్న ఇంటికి తాగడానికీ వంటకూ మనిషికి రోజుకు 5 లీటర్ల చొప్పున ఏడాదికి 9,125 లీటర్లు చాలు. వానలేని ఆరు నెలలకు కావలసింది సుమారు 4,550 లీటర్లు. అంటే రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, మీటరుంపావు లోతు గల మూత తొట్టి సరిపోతుంది. తొలి జల్లును మళ్ళించే గొట్టం, కంకర–ఇసుక–బొగ్గు వడపోత, దోమలు దూరకుండా వల, లోపల చీకటి ఉండాలి. నిల్వ నీటిని కాచి తాగడం క్షేమం. కప్పు 100 చదరపు మీటర్లయితే ఇంటికి పోగా దాదాపు 35,000 లీటర్లు పెరటికి మిగులుతాయి. ఇంకుడు గుంత అవసరమయ్యేది ఆ మిగులుకే.

2016లో మొదలైన మిషన్ భగీరథ నదీజలాలను నల్గొండ ఇళ్ళకు చేర్చడంతో తాగునీటి చిత్రం మారింది. కుళాయి వచ్చాక అహమ్మదాబాదు టాంకాలు కూడా చాలావరకు వాడుక తప్పాయి. అయితే ఆ తొట్లు నేటికీ ఆ ఇళ్ళ కింద ఉన్నాయి, కడిగితే మళ్ళీ నిండుతాయి. నల్గొండ ఇళ్ళ కింద అవి ఏనాడూ లేవు. కుళాయి ఆగిన రోజున అక్కడ మిగిలేది మళ్ళీ బోరు నీరే.