బాయి, గని, క్వారీ

ఒక వేసవిలో పిల్లల్ని వెంటబెట్టుకుని వెర్మాంట్ రాష్ట్రంలోని బ్యారీ వెళ్ళాం. గ్రానైట్‌కి పేరుపడ్డ ఊరు. పక్కనే గ్రానైట్‌విల్‌లో దాదాపు 600 అడుగుల లోతు గొయ్యి ఉంది. కంచె పట్టుకుని కిందికి చూస్తూ మా అమ్మాయి అడిగింది: "నాన్నా, తాతయ్య పనిచేసిన మైన్ ఇలాగే ఉండేదా?"

"కాదమ్మా, ఇది క్వారీ" అన్నాను.

"తేడా ఏమిటి?"

కొత్తగూడెంలో పుట్టి పెరిగిన నాకు చటుక్కున జవాబు తోచలేదు.

మన భాషలో ఆ తేడా లేదు మరి. 'ఖన్' అంటే తవ్వడం. దాన్నుంచే ఖని, గని. సింగరేణి బొగ్గుదీ గనే, బేతంచెర్ల నాపరాళ్ళదీ గనే. క్వారీ మాత్రం ఇంగ్లీషు వెంట వచ్చిన మాట. దాని మూలం చదరాన్ని చెప్పే లాటిన్ మాట. రాళ్ళను చదరంగా కొట్టే చోటన్నమాట.

ఆకాశం కనిపిస్తే క్వారీ, లేకపోతే గని అందామంటే అదీ నిలవదు. యూటాలోని బింగమ్ కాన్యన్ రాగి గనిని 1906 నుంచీ ఆరుబయటే తవ్వుతున్నారు. ఇప్పుడు ముప్పావు మైలు పైనే లోతు. వెర్మాంట్‌లోనే డాన్‌బీ పాలరాతి క్వారీ కొండ కడుపులో ఉంది. అసలు తేడా సరుకులో ఉంది. గనిలో కావలసింది రాతి మధ్య దాగిన బొగ్గో, రాగో. క్వారీలో రాయే సరుకు. పగుళ్ళు లేకుండా దిమ్మలుగా రావాలి. ఒంగోలు దగ్గరి చీమకుర్తి నల్లరాయి అలాగే సముద్రాలు దాటి ఇక్కడి వంటింటి గట్లమీదికి చేరింది.

అమెరికా చట్టం ఈ పేర్ల తేడాను పట్టించుకోలేదు. 1968లో ఫార్మింగ్టన్ బొగ్గుగనిలో 78 మంది, 1972లో ఐడహోలోని సన్‌షైన్ వెండిగనిలో 91 మంది చనిపోయారు. 1977 చట్టం బొగ్గుగనినీ రాతి క్వారీనీ ఒకే గొడుగు కిందికి తెచ్చి రెంటినీ 'మైన్' అంది. నేల లోపలివైతే ఏడాదికి కనీసం నాలుగు తనిఖీలు, పైనవైతే రెండు. మన 1952 గనుల చట్టం లెక్కలోనూ క్వారీ గనిగానే ఉండేది. అయితే 6 మీటర్ల లోతు, 50 మంది పనివాళ్ళు దాటకుండా, పేలుడు మందు వాడకుండా రాయి తీసే చోట్లను అది చాలా నిబంధనల నుంచి మినహాయించింది. దుమ్ముకి ఆ మినహాయింపు సంగతి తెలియదు.

బ్యారీలోని హోప్ శ్మశానంలో లూయీ బ్రూసా సమాధి చూశాం. రాయి చెక్కిన మనిషి. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని 1937లో పోయాడు. ఆ గ్రానైట్‌లోనే చెక్కిన బొమ్మ: భార్య చేతుల్లోకి ఒరిగిపోతున్న పనివాడు. బొగ్గుగని మొహం చూడనక్కరలేకుండానే గని జబ్బు ఆయన్ను వెతుక్కుంటూ వచ్చింది.

మా నాయన మైన్ అనీ గని అనీ ఎప్పుడూ అనలేదు. సింగరేణిలో అందరిలాగే 'బాయి' అనేవాడు, బావిలా నిట్టనిలువునా దిగాలి గనక. తిరుగుదారిలో అమ్మాయికి అదే చెప్పాను.

"తాతయ్యది కూడా బావేనమ్మా. ఇవాళ నువ్వు చూసినదాంట్లో అడుగున ఉన్న మనుషులు కనిపించారు. తాతయ్య దిగితే, మళ్ళీ పైకి వచ్చేదాకా మాకు కనిపించేవాడు కాదు."