చేయుదునా? మానుదునా? – ఒక ఆంగ్లపదం చరిత్ర

ఆంగ్లభాషలో ‘షిల్లీ షాలీ’ అని ఒక చిత్రమైన మాట కలదు. ఏ సంగతీ తేల్చుకొనలేక అటూ ఇటూ ఊగులాడే మనిషిని గురించి ఆంగ్లేయులు ఈ మాటను వాడుతారు. వినుటకు అది అర్థంలేని ధ్వనివలె తోచినా, దాని వెనుక ఒక పూర్తి వాక్యమే దాగి ఉన్నది. ‘షల్ ఐ? షల్ ఐ?’ అనే ప్రశ్నను వెంటవెంటనే రెండుసార్లు పలుకగా పుట్టిన మాట ఇది. తెనుగున చెప్పవలెనంటే ‘చేయుదునా? చేయుదునా?’ అని. మాటలే వృత్తిగా గల మాకు ఇట్టి పదాల పుట్టుక విచారించుట ఎప్పుడూ వేడుకే. అయితే ఈ పదం వేడుకతోపాటు ఒక వివేకాన్ని కూడా నేర్పుచున్నది.

పదిహేడవ శతాబ్ది ముగిసేనాటికే ఈ జంటప్రశ్న ఇంగ్లండులో నుడికారంగా స్థిరపడినది. తరువాత మొదటి ప్రశ్నలోని అచ్చు మారి ‘షిల్ ఐ, షల్ ఐ’ అయినది. 1700లో లండనులో ప్రదర్శింపబడిన ‘ది వే ఆఫ్ ది వరల్డ్’ అనే హాస్యనాటకంలో విలియం కాంగ్రీవ్ ఈ రూపాన్ని సర్ విల్‌ఫుల్ అనే పల్లెటూరి పెద్దమనిషి నోట పలికించినాడు. తాను అట్లా ఊగులాడేవాడను కానని, అన్నమాట చేసి తీరుతానని ఆయన బడాయి. పద్దెనిమిదవ శతాబ్దిలో ఈ మాట నామవాచకమూ క్రియా కూడా అయినది. క్రమంగా దానిలోని ప్రశ్నను జనం మరచిపోయినారు. ధ్వని మాత్రం మిగిలినది.

ఇట్టి ధ్వని మన చెవికి కొత్త కాదు. గజిబిజి, గడబిడ, చిందరవందర అనే జంటమాటలు మనకు ఎన్నో ఉన్నవి. ‘తటపట’ అనే ధ్వనినుండి ‘తటపటాయించు’ అనే క్రియను చేసుకొన్నవారము మనము. ఆంగ్లేయులు షిల్లీ షాలీతో చేసినదీ ఆ పనియే.

ఊగిసలాటకు ఆంగ్లంలోగల తక్కిన మాటలు దేహపు కదలికలనుండి వచ్చినవి. ‘వేవర్’ అనే మాటకు మూలం ఉత్తర ఐరోపాలోని ప్రాచీన నార్స్ భాషలో ఉన్నది. రెపరెపలాడుట దానికి అర్థం. 1611 నాటి ఆంగ్ల బైబిలు అట్టి మనస్సును గాలికి కొట్టుకొనిపోయే సముద్రపు అలతో పోల్చినది. ‘వాసిలేట్’ అనేది లాటిను మాట. తూలుట దానికి తొలి అర్థం. ‘హెసిటేట్’ అంటే మొదట అంటుకొనిపోవుట, మాట పెగలకపోవుట. మన తడబాటు కూడా ఇంతే కదా! అడుగు తడబడుతుంది, మాట తడబడుతుంది, మనస్సూ తడబడుతుంది. సంస్కృతం మనకు ‘డోలాయమానము’ అని ఉయ్యాలనే ఇచ్చినది.

ఇట్టి మాటలను ఒక భాషనుండి మరొక భాషకు సరితూచుట ఎంత కష్టమో ఎరిగినవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను. ఆయన 1820లో కడపకు ఉద్యోగియై వచ్చి, తెలుగు నేర్చి, పండితులను చేరదీసి, 1852లో తెలుగు–ఆంగ్ల నిఘంటువును వెలువరించినాడు. పెద్దమండ్యం ఉన్న మదనపల్లె సీమ ఆనాడు కడప జిల్లాలోనిది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు దానిలో కలిసినది. గ్రంథాలలోని మాటలతోపాటు జనం నోటి మాటలకూ బ్రౌను తన నిఘంటువులో చోటిచ్చినాడు. అది ఆయన చేసిన గొప్ప మేలు. కాని ఏ నిఘంటువైనా మాటకు మాటనే చూపగలదు. ఆ మాట ఎవరికి తగునో, ఎవరికి తగదో చూపుట జీవితం చేయవలసిన పని.

పెద్దమండ్యం వైపు మెట్టపొలాల రైతునే తీసుకొందాము. తొలకరి వాన ఒకటి కురిసినది. శెనక్కాయ విత్తుదునా, ఆగుదునా అని ఆయన గట్టుమీద నిలుచున్నాడు. చూచేవారికి అది ఊగిసలాటే. కాని ఆయన వంగి మన్ను తవ్వి, పిడికిట పట్టి చూచుచున్నాడు. పదును ఎంత లోతు దిగినది? ఏ కార్తె నడచుచున్నది? మరొక వాన ఆలస్యమైతే మొలక నిలుచునా? విత్తనం పోతే తిరిగి కొనుటకు చేతిలో ఏమున్నది? తొందరపడితే విత్తనం నష్టం, జాగుచేస్తే అదను నష్టం. ఇది ఒకే ప్రశ్నను రెండుసార్లు వేసుకొనుట కాదు. ప్రతి ప్రశ్న వెనుకటిదానికంటె ఒక అడుగు ముందున్నది.

మా దృష్టిలో కీలకం ఇక్కడనే ఉన్నది. ‘షల్ ఐ? షల్ ఐ?’ అనుటలో రెండవ ప్రశ్న మొదటిదే. పైగా ఆంగ్ల సంప్రదాయంలో ‘షల్ ఐ’ అనేది సాధారణంగా ఎదుటివారి ఇష్టాన్ని అడిగే ప్రశ్న. దానిని తనకు తానే వేసుకొన్నవానికి బదులు చెప్పేవారెవరు? ఉయ్యాల ఎంత ఊగినా ఉన్నచోటనే ఉండును. త్రాసు కూడా ఊగుతుంది. కాని అది నిలుచుటకే ఊగుతుంది. ఆంగ్లంలో ఆలోచించుటకు వాడే ‘డెలిబరేట్’ అనే మాటకు మూలం లాటినులో త్రాసు పేరేనని చాలమంది పండితుల అభిప్రాయం.

మన ‘మీనమేషాలు లెక్కించుట’ అనే నుడికారానికీ ఇట్టి గతియే పట్టినది. మేషం రాశిచక్రంలో మొదటిది, మీనం చివరిది. వేళ్లమీద రాశులను లెక్కించి ముహూర్తం తేల్చుట జ్యోతిష్కునికి పని. పని ముగియుటకే ఆ లెక్క. లెక్క ముగియక, పని మొదలు కాకున్నప్పుడే అది ఎత్తిపొడుపు అయినది. సరిహద్దుకు ఆవల కన్నడిగులు కూడా ఈ నుడికారాన్నే ఇదే అర్థంలో వాడుతారు.

ఇట్టి మాటలు నిందకు సులభంగా అందివచ్చును. మనము ఆలోచిస్తే దూరదృష్టి, ఎదుటివాడు ఆలోచిస్తే ఊగిసలాట అనుట రాజకీయాలలో పాతబడిన విద్య. ఇండ్లలోనూ ఇదే జరుగుచున్నది. పెండ్లి సంబంధం వచ్చినప్పుడు నాలుగు దినాలు గడువు కోరిన అమ్మాయిని, ఏ చదువు చదువవలెనో తేల్చుకొనలేని అబ్బాయిని ‘ఏమిటీ మీనమేషాలు?’ అని పెద్దలు గద్దించుట మనము ఎరిగినదే. ఆ గద్దింపునకు వెరచి చెప్పిన ‘సరే’ జీవితమంతా మోయవలసిన బరువు కావచ్చును.

కనుక ఆ మాట అనబోయే ముందు పెద్దలు ఒక్క క్షణం చెవియొగ్గి వినవలెను. నిన్నటి ప్రశ్ననే నేడూ వల్లించుచున్నచో వారికి కావలసినది ధైర్యం. ఆ ధైర్యం చెప్పవలసినవారు పెద్దలే. నేటి ప్రశ్న కొత్తదైతే వారు త్రాసు పట్టుకొన్నారని తెలిసికొనవలెను. అది నిలిచేదాకా చేయి తగిలించరాదు.