ఇంటి గోడపై ఇంప్రెషనిస్టు చిత్రం: నకలు వెనుక చరిత్ర

1. పరిచయం

ఏదైనా హోటల్ లాబీలోనో, ఫర్నిచర్ దుకాణంలోనో మీరు ఈ చిత్రాన్ని చూసి ఉండవచ్చు: కొలనులో తేలుతున్న కలువలు, వాటిపై విల్లులా వంగిన చిన్న వంతెన. ఫ్రెంచి చిత్రకారుడు క్లోద్ మోనే (1840–1926) జివెర్నీ గ్రామంలోని తన తోటను చూసి వేసిన చిత్రానికి అది నకలు. దగ్గరకు వెళ్లి చూస్తే కొన్నిసార్లు అది అచ్చు కాగితం కాదనీ, కాన్వాసుపై తైలవర్ణాలతో ఎవరో చేత్తో వేసినదేననీ తెలుస్తుంది. మరి ఆ వేసినవారు ఎవరు? వారి పేరు మనకు ఎందుకు తెలియదు? ఈ ప్రశ్నలకు సమాధానం వెతికితే, చరిత్ర విద్యార్థికి నకలు చిత్రం కూడా ఒక ఆధారమేనని అర్థమవుతుంది.

2. అసలు చిత్రాలు పుట్టిన తీరు

19వ శతాబ్దం మధ్యకాలం వరకు ఫ్రాన్సులో చిత్రకారులు ప్రకృతి దృశ్యాలను ఎక్కువగా గదిలో కూర్చొనే పూర్తి చేసేవారు. ఈ పద్ధతి మారడానికి రెండు కారణాలు తోడ్పడ్డాయి. మొదటిది రంగుల ట్యూబు. 1841లో అమెరికన్ చిత్రకారుడు జాన్ గాఫ్ రాండ్ తగరపు ట్యూబుకు పేటెంటు పొందాడు. దానితో తైలవర్ణాలను ఎండిపోకుండా వెంట తీసుకువెళ్లడం సులువైంది. రెండవది రైలు. పారిస్ నుంచి సీన్ నది ఒడ్డుకు, నార్మండీ సముద్రతీరానికి త్వరగా చేరే వీలు కలిగింది.

1874లో పారిస్‌లో సుమారు 30 మంది చిత్రకారులు ప్రభుత్వ ప్రదర్శనతో సంబంధం లేకుండా సొంతంగా ప్రదర్శన ఏర్పాటు చేశారు. అందులో మోనే వేసిన 'ఇంప్రెషన్, సన్‌రైజ్' చిత్రం పేరును పట్టుకొని లూయీ లెరోవా అనే విమర్శకుడు వీరిని ఎగతాళి చేశాడు. ఆ ఎగతాళి పేరే ఉద్యమానికి స్థిరపడింది.

వీరికి ముఖ్యమైనది ఆ క్షణంలో కంటికి కనిపించిన వెలుగు. 1890–91లో గడ్డివాముల చిత్రాలు వేస్తున్నప్పుడు, వెలుగు మారగానే మోనే ఒక కాన్వాసును పక్కన పెట్టి మరొకటి అందుకునేవాడు. ఈ చిత్రాలు చాలావరకు ఇంటి గోడకు సరిపోయే పరిమాణంలో ఉండేవి. వ్యాపారి పాల్ దురాన్-రుయెల్ 1886లో వీటిని న్యూయార్క్‌లో ప్రదర్శించి అమెరికన్ కొనుగోలుదారులను సంపాదించాడు. అంటే ఇవి మొదటినుంచీ మ్యూజియం కోసం మాత్రమే పుట్టిన చిత్రాలు కావని గమనించండి.

3. నకలు చేయడం తప్పా?

నకలు అనగానే మోసం అని భావించడం సరికాదు. 1793లో లూవ్ర్ మ్యూజియం ప్రారంభమైనప్పుడు కొన్ని రోజులను ప్రత్యేకంగా చిత్రకారులకే కేటాయించారు. పాత చిత్రాలను చూసి నకలు వేయడం ఆనాటి విద్యాభ్యాసంలో భాగం. ఎదువార్ మానే, ఎడ్గార్ దెగా అక్కడే సాధన చేశారు. బెర్త్ మోరిజో కూడా అలాగే నేర్చుకుంది. పారిస్‌లోని ప్రభుత్వ కళాశాల 1897 వరకు స్త్రీలను చేర్చుకోలేదు. అందువల్ల ఆమె వంటివారికి లూవ్ర్ గోడలే పాఠశాల అయ్యాయి. నేటికీ అక్కడ నకలు వేసేవారికి అనుమతి ఉంది. అయితే నకలు కొలతలు అసలు చిత్రం కొలతలకు భిన్నంగా ఉండాలి. మూల చిత్రకారుడి సంతకాన్ని అనుకరించకూడదు.

నకలుకూ మోసానికీ మధ్య గీత ఇక్కడే ఉంది. నకలును నకలుగా చెప్పి అమ్మడం వ్యాపారం. అసలు చిత్రమని నమ్మించి అమ్మడం నేరం.

4. దాఫెన్: నకళ్ల గ్రామం

20వ శతాబ్దం చివరలో ఈ పని పారిస్‌కు చాలా దూరంగా, దక్షిణ చైనాకు చేరింది. చైనా ఆర్థిక సంస్కరణలలో భాగంగా 1980లో షెన్‌జెన్‌ను ప్రత్యేక ఆర్థిక మండలిగా ప్రకటించారు. 1989లో హాంకాంగ్‌కు చెందిన వ్యాపారి హువాంగ్ జియాంగ్ కొద్దిమంది చిత్రకారులతో అక్కడి దాఫెన్ గ్రామానికి వచ్చాడు. హాంకాంగ్ కంటే అక్కడ అద్దెలు, కూలి తక్కువ, ఓడరేవు దగ్గర. పాశ్చాత్య దేశాల దుకాణాలు, హోటళ్ల నుంచి ఆర్డర్లు పెరిగాయి. గ్రామీణ ప్రాంతాల నుంచి వచ్చిన యువకులు వేల సంఖ్యలో ఈ పనిలో చేరారు.

ఇప్పుడు రెండు పనులనూ పోల్చి చూడండి. మోనే మారే వెలుగు వెంట పరుగెత్తాడు. దాఫెన్ చిత్రకారుడు గదిలో ఫోటోను చూస్తూ అదే దృశ్యాన్ని మళ్లీ మళ్లీ వేశాడు. మోనేకు సూర్యుడే గడువు. ఇతనికి ఆర్డరు తేదీయే గడువు. చాలామందికి నెల జీతం కాకుండా, వేసిన చిత్రాల లెక్కన డబ్బు వచ్చేది. అయితే సంవత్సరాల అభ్యాసంతో వారి చేతికి వచ్చిన నేర్పు మాత్రం నిజమైనదే.

ఇంప్రెషనిస్టుల తరువాతి తరానికి చెందిన వాన్ గో చిత్రాలకు నకళ్లు వేసిన జావో షియావోయోంగ్ ఉదంతం ఇందుకు ఉదాహరణ. 2016లో వచ్చిన 'చైనాస్ వాన్ గోస్' అనే డాక్యుమెంటరీలో అతడు ఆమ్‌స్టర్‌డామ్ వెళ్తాడు. తాను వేసిన చిత్రాలు ఒక జ్ఞాపికల దుకాణంలో, తనకు ముట్టినదానికి ఎన్నో రెట్ల ధరకు అమ్ముడవుతున్నాయని తెలుసుకుంటాడు. మ్యూజియంలో మొదటిసారి అసలు చిత్రాల ముందు నిలబడతాడు. తిరిగి వచ్చాక తన ఊరిని, తన వారిని సొంతంగా చిత్రించడం మొదలుపెడతాడు.

5. ముగింపు

నకలు చిత్రం మోనే కాలపు వెలుగును పూర్తిగా మనకు అందించలేదు. రంగు మందం, అసలు పరిమాణం, ఆ క్షణపు తొందర అందులో చాలావరకు పోతాయి. కానీ అది మరొక కాలానికి సాక్ష్యం: వలస కార్మికుల శ్రమకు, ఎగుమతి వ్యాపారానికి, మధ్యతరగతి ఇంటి అలంకరణకు. ఈసారి ఇటువంటి చిత్రం కనిపిస్తే "ఇది ఎవరి చిత్రం?" అన్న ఒక్క ప్రశ్నతో ఆగకండి. "దీనిని వేసిన చేయి ఎవరిది?" అని కూడా అడగండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఆరుబయట చిత్రలేఖనానికి తోడ్పడిన రెండు మార్పులను వివరించండి.
2. నకలుకూ మోసానికీ గల తేడాను లూవ్ర్ నియమాల ఆధారంగా తెలపండి.
3. దాఫెన్‌లో నకలు చిత్రాల వ్యాపారం పెరగడానికి కారణాలు ఏవి?